పాటల సర్వర్‌కు తగిలించిన హార్డ్ డిస్క్: నిద్రపుచ్చాలా, తిరగనివ్వాలా?

తంత్రి
అందరికీ నమస్కారం. పదిహేనేళ్లుగా నా సీడీలన్నిటినీ ఒక్కొక్కటిగా ఫ్లాక్ ఫైళ్లుగా (నాణ్యత తగ్గకుండా కుదించే రకం) మార్చి దాచుకుంటూ వచ్చాను. ఇప్పుడవన్నీ 4 టీబీ ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో ఉన్నాయి. 2.5 అంగుళాల రకం, యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకుంటుంది. ఫ్యాన్ లేని చిన్న కంప్యూటర్‌కు తగిలించాను, అందులో లినక్స్, ఎంపీడీ ప్లేయర్ నడుస్తాయి. అక్కడి నుంచి డాక్ (డిజిటల్ పాటను యాంప్లిఫయర్‌కు అందే సంకేతంగా మార్చే పెట్టె), ఆ తర్వాత యాంప్లిఫయర్.

నా ఇబ్బంది ఏమిటంటే, పది నిమిషాలు ఏ పాటా పెట్టకపోతే డ్రైవ్ నిద్రలోకి జారుకుంటుంది. మళ్లీ పాట నొక్కితే లోపల టిక్కుమని చప్పుడు, ఐదారు సెకన్లు ఏమీ ఉండదు, తర్వాత పాట మొదలవుతుంది. ఒక్కోసారి ప్లేయర్ ఆగలేక ఆ పాట వదిలేసి తర్వాతి దానికి దూకేస్తోంది. నిద్ర పూర్తిగా ఆపేద్దామంటే రోజంతా తిరిగి తిరిగి అరిగిపోతుందేమోనని భయం. పోనీ ఇలాగే వదిలేద్దామంటే, మాటిమాటికీ ఆగి లేవడమే ఎక్కువ హాని అంటున్నారు కొందరు. డ్రైవ్‌కు మూడేళ్లు. ఏది నమ్మాలి?

నిశ్శబ్దప్రియ
నేనైతే నిద్రపుచ్చే పక్షం. కారణం చెవి. మీ డ్రైవ్ 5400 ఆర్‌పీఎం అయి ఉంటుంది, అంటే సెకనుకు 90 చుట్లు. ఆ 90 హెర్ట్జ్ అదురు చెక్క అరలోకి దిగిందంటే అరంతా సన్నగా గుంయిమంటుంది. తంబూరా శ్రుతి మాత్రమే మిగిలిన చోట, గాయకుడు ఊపిరి తీసుకునే చోట అది వినపడుతుంది. పాట ఆగాక డ్రైవ్ కూడా ఆగితే గది ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఒకసారి గమనించండి.

ఆగనిచక్రం
నేను ఒప్పుకోను. నా డ్రైవ్ ఆరేళ్లుగా ఆగలేదు. 52 వేల గంటలు దాటింది, ఒక్క సెక్టార్ (డేటా రాసే చిన్న గడి) పోలేదు. మోటార్‌కు కష్టమంతా మొదటి తిప్పులోనే. ఒకసారి వేగం అందుకున్నాక దాని పని తేలిక. ఇప్పటి డ్రైవ్‌లలో బాల్ బేరింగులు లేవు, ఇరుసు పల్చటి నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది. తిరుగుతున్నంతసేపూ లోహానికి లోహం తగలదు. అలాంటప్పుడు దాన్ని ఆపడం ఎందుకు, మళ్లీ లేపడం ఎందుకు? అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

సర్క్యూట్‌బోర్డు
ఇద్దరి మాటలోనూ నిజముంది. కాకపోతే ఇక్కడ రెండు వేరువేరు పనులు ఒకే మాటలో కలిసిపోతున్నాయి. వాటిని విడదీస్తే తంత్రి గారి భయం సగం తీరుతుంది.

ఒకటి, హెడ్ పక్కకు తప్పుకోవడం. చదివే హెడ్, డేటా రాసి ఉండే పళ్లెం మీద కొద్ది నానోమీటర్ల ఎత్తున గాలిలో తేలుతుంది. పని లేనప్పుడు పళ్లెం అంచు బయట ఉన్న చిన్న ప్లాస్టిక్ ర్యాంప్ ఎక్కి కూర్చుంటుంది. అప్పుడు పళ్లెం తిరుగుతూనే ఉండొచ్చు. దీన్ని లెక్కపెట్టేది డ్రైవ్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ పట్టికలోని 193వ వరుస, లోడ్ సైకిల్ కౌంట్. రెండోది, మోటారే ఆగిపోవడం. దాని లెక్క 4వ వరుసలో, స్టార్ట్ స్టాప్ కౌంట్. మీకు వినిపించే ఆ ఐదు సెకన్ల ఆలస్యం ఈ రెండోదాని వల్ల.

తయారీదార్లు 2.5 అంగుళాల డ్రైవ్‌లకు మామూలుగా 6 లక్షల లోడ్ సైకిళ్లు హద్దుగా రాస్తారు, 3.5 అంగుళాల డెస్క్‌టాప్ రకానికి 3 లక్షలు. ర్యాంప్ లేని పాత డ్రైవ్‌లలో మోటార్ ఆగినప్పుడు హెడ్ నేరుగా పళ్లెం మీదే వాలేది. వాటికి 50 వేల స్టార్ట్ స్టాప్‌లే రాసేవారు. ‘ఆపితే అరుగుతుంది’ అన్న మాటకు బలం ఆ కాలం నుంచి వచ్చింది.

ఇక లెక్క. రోజుకు 20 సార్లు నిద్రపోయి లేచినా ఏడాదికి 7,300. అలా 6 లక్షలు దాటాలంటే 80 ఏళ్లు పైనే పడుతుంది. కానీ పని ఆగిన కొద్ది సెకన్లకే హెడ్‌ను పక్కకు తీసే డ్రైవ్‌లున్నాయి. అలాంటి దాన్ని ఏదో ప్రోగ్రామ్ అర నిమిషానికోసారి తట్టిందనుకోండి, రోజుకు 2,880. నాలుగు నెలలు తిరక్కుండానే 3 లక్షలు దాటిపోతుంది. మోటార్ ఒక్కసారి కూడా ఆగకుండానే! నిద్ర మంచిదా చెడ్డదా అన్నది పక్కన పెట్టండి. ముందు మీ పట్టిక చూపించండి. దాన్ని చూపించే స్మార్ట్‌సీటీఎల్ ప్రోగ్రామ్ నేరుగా పలక్కపోతే డీ ఆప్షన్‌లో శాట్ అని ఇచ్చి చూడండి. డ్రైవ్‌ను లోపల పెట్టుకున్న చాలా యూఎస్‌బీ డబ్బాలకు అది కావాలి.

తంత్రి
సర్క్యూట్ గారూ, శాట్ అన్నాకే పలికింది. ఇవిగో:

4 (స్టార్ట్ స్టాప్): 3,850
9 (నడిచిన గంటలు): 21,200
12 (పవర్ సైకిల్): 640
192 (పవర్ ఆఫ్ రిట్రాక్ట్): 412
193 (లోడ్ సైకిల్): 2,87,000
5 (మార్చిన సెక్టార్లు): 0
197 (పెండింగ్ సెక్టార్లు): 8
ఉష్ణోగ్రత: 47 డిగ్రీలు

193 చూసి గుండె ఆగినంత పనైంది. దాదాపు సగం అయిపోయింది కదా?

సర్క్యూట్‌బోర్డు
193 గురించి తర్వాత మాట్లాడదాం. గంటకు 13 దాకా పడుతోంది, అంటే నాలుగున్నర నిమిషాలకోసారి ఎవరో తడుతున్నారు. అది ఆపొచ్చు. స్టార్ట్ స్టాప్ 3,850 అంటే రోజుకు మూడు నాలుగు, దాని ఊసే వద్దు. నిద్ర మీ డ్రైవ్‌ను అరగదీయలేదు.

నన్ను కలవరపెట్టినవి 192, 197. ముందు 192. డ్రైవ్‌ను సవ్యంగా ఆపితే హెడ్ నెమ్మదిగా ర్యాంప్ ఎక్కుతుంది, తర్వాత కరెంటు పోతుంది. చెప్పాపెట్టకుండా కరెంటు తీసేస్తే ఇంకా తిరుగుతున్న మోటారే జనరేటర్‌లా కాస్త కరెంటు పుట్టిస్తుంది, దాంతో హెడ్‌ను ఒక్క విసురుతో ర్యాంప్ మీదికి లాగేసుకుంటుంది. అది ప్రాణం కాపాడుకునే ఏర్పాటు. రోజూ చేయించాల్సిన పని కాదు. మామూలు సైకిల్ కంటే చాలా మోటుగా ఉంటుంది. మీ డ్రైవ్‌కు 640 సార్లు కరెంటు పోతే అందులో 412 సార్లు ఇలాగే జరిగింది. రాత్రి యాంప్లిఫయర్, కంప్యూటర్, డ్రైవ్ అన్నీ ఒకే స్విచ్‌తో ఆపుతున్నారా?

తంత్రి
అవును. అన్నీ ఒకే పవర్ స్ట్రిప్‌కు ఉన్నాయి. పడుకునే ముందు ఆ స్విచ్ నొక్కేసి వెళ్తాను. యాంప్లిఫయర్‌కు మంచిదని మొదలుపెట్టిన అలవాటు. డ్రైవ్ గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

సర్క్యూట్‌బోర్డు
ఇక 197. ఎనిమిది అంటే ఎనిమిది చోట్ల దెబ్బ అని కాదు. పళ్లెం మీద అసలు సెక్టార్ 4,096 బైట్లది, కంప్యూటర్‌కు మాత్రం 512 బైట్ల ముక్కలుగా కనిపిస్తుంది. 8 ముక్కలు కలిస్తే ఒక్క సెక్టార్. మీకు చదవలేకపోయిన చోటు ఒక్కటే కావచ్చు. రాస్తుండగా కరెంటు పోయినా ఇలాంటిది మిగులుతుంది. ఆ చోట మళ్లీ రాస్తే రెండిట్లో ఒకటి జరుగుతుంది. పళ్లెం బాగుంటే 197 సున్నా అవుతుంది. పళ్లెమే పాడైతే ఆ సెక్టార్‌ను వేరే చోటికి మార్చి 5వ వరుసలో అంకె పెంచుతుంది.

కానీ తేలిగ్గా తీసుకోకండి. గూగుల్ వాళ్లు 2007లో తమ లక్షకు పైగా డ్రైవ్‌ల మీద ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. ఇలా అనుమానంతో పక్కన పెట్టిన సెక్టార్ మొదటిసారి కనిపించిన డ్రైవ్‌లు తర్వాతి 60 రోజుల్లో పోయే అవకాశం మిగతావాటికంటే 16 రెట్లు ఎక్కువని అందులో ఉంది. ముందు మొత్తం కాపీ తీయండి. నిద్ర సెట్టింగులు ఆ తర్వాతే.

ఆగనిచక్రం
నేనూ చదివాను ఆ పత్రం. మూడేళ్లు దాటిన డ్రైవ్‌లలో ఎక్కువసార్లు ఆపి వేసినవి ఎక్కువగా పోయాయని కూడా ఉంది. నా పక్షానికి అది బలం కాదా?

సర్క్యూట్‌బోర్డు
ఉంది, తేడా రెండు శాతానికి కొంచెం పైన. కానీ అవి డేటా సెంటర్ డ్రైవ్‌లు, ఎప్పుడూ నడవాల్సినవి. వాటిని మాటిమాటికీ ఆపారంటే అప్పటికే ఏదో తేడా చేసి మరమ్మతుకు తీసినవి కూడా అందులో ఉండొచ్చని వాళ్లే అన్నారు. అదే పత్రంలో ఇంకో సంగతి: పోయిన డ్రైవ్‌లలో సగానికి పైగా ముఖ్యమైన నాలుగు స్మార్ట్ లెక్కల్లో ఏ హెచ్చరికా ఇవ్వకుండానే పోయాయి. మీ డ్రైవ్ 52 వేల గంటలు నడిచిందంటే నాకూ సంతోషమే చక్రం గారూ, దానికి మాత్రం కాపీ ఉందా?

ఆగనిచక్రం
పాటలకు ఉంది. ట్యాగులు సరిచేసిన తర్వాత మళ్లీ తీయలేదు. ఈ వారాంతం తీస్తాను.

పాతరికార్డు
తంత్రి గారూ, కాపీ విషయంలో నా అనుభవం చెప్పాలి. నా దగ్గర రెండు డ్రైవ్‌లుండేవి, ఒకటి అసలుది, ఇంకోటి నకలు. రెండూ ఒకే అరలో, ఒకే పవర్ స్ట్రిప్‌కు, రెండూ ఎప్పుడూ తగిలించే ఉండేవి. ఒక ఉరుముల రాత్రి రెండూ కలిసే పోయాయి. అందులో మా నాన్న గొంతుతో రికార్డు చేసుకున్న పద్యాలున్నాయి. సీడీలు మళ్లీ దొరుకుతాయి, అవి దొరకలేదు. ఇప్పుడు నకలు డ్రైవ్ పని ముగియగానే తీసి, వేరే ఇంట్లో పెడుతున్నాను. దయచేసి మీ నకలును సిస్టమ్ పక్కన పెట్టకండి.

ఇంకో మాట. కాపీ అయ్యిందంటే సరిగ్గా అయ్యిందని కాదు. ఫ్లాక్ ఫైలు మొదట్లో అసలు ఆడియోకు సంబంధించిన ఎండీ5 గుర్తు ఒకటి రాసి ఉంటుంది. ఫ్లాక్ ప్రోగ్రామ్‌కు టీ ఆప్షన్ ఇస్తే ఫైలు మొత్తం విప్పి దాంతో పోల్చి చూస్తుంది. ఎంపీ3కి ఈ సౌకర్యం లేదు. మీ దగ్గర ఉన్నది ఫ్లాక్ కాబట్టి వాడుకోండి.

లాగ్‌బుక్కు
నాలుగున్నర నిమిషాలకోసారి తట్టేదెవరో పట్టుకుందాం. ఫాట్రేస్ అని ఒక చిన్న పనిముట్టు ఉంది, ఏ ప్రోగ్రామ్ ఏ ఫైలు ముట్టుకుందో అక్కడికక్కడే చూపిస్తుంది. రాత్రి పాటలు ఆపాక గంటసేపు నడిపి చూడండి. నేను ఇదివరకు పట్టుకున్న దొంగలు ఎక్కువగా ఇవే: ఆల్బమ్ బొమ్మల కోసం ఫోల్డర్లు తిరిగే మీడియా సర్వర్, కొత్త ఫైళ్లున్నాయేమోనని లైబ్రరీ స్కాన్, అదే డ్రైవ్‌లో పెట్టిన ప్లేయర్ డేటాబేస్. డ్రైవ్ ఆరోగ్యం చూడ్డానికి పెట్టిన ప్రోగ్రామే దాన్ని నిద్రలేపడం కూడా చూశాను. స్మార్ట్‌డీ మామూలుగా అరగంటకోసారి చూస్తుంది. దానికి ఎన్ ఆప్షన్‌తో స్టాండ్‌బై అని చెబితే నిద్రలో ఉన్న డ్రైవ్‌ను కదపదు.

కొత్త డ్రైవ్‌ను ఈఎక్స్‌టీ4గా (లినక్స్ ఫైళ్లు దాచే పద్ధతి) ఫార్మాట్ చేసినవాళ్లకో మాట. మొదటి కొన్ని గంటలు అది వెనకాల తన పట్టికలు రాసుకుంటూనే ఉంటుంది. దీపం మినుకుతూ ఉంటే కంగారు పడొద్దు, కానివ్వండి. ఎస్‌ఎంఆర్ రకం డ్రైవ్‌లలో ఎక్కువ ఫైళ్లు ఎక్కించాక కూడా అంతే, ఒకదాని మీద ఒకటి పెంకుల్లా రాసిన ట్రాకులను తీరిక దొరికాక సర్దుకుంటాయి. కాపీ ముగిసిన వెంటనే స్విచ్ తీసేయకుండా కాసేపు ఆగితే మంచిది.

పాట దూకేయడం మీద ఒక ప్రశ్న. ఆ సమయంలో లినక్స్ రాసుకునే కెర్నల్ లాగ్‌లో యూఎస్‌బీ డిస్‌కనెక్ట్ అని ఏమైనా ఉందా? 2.5 అంగుళాల డ్రైవ్ లేచే క్షణంలో 5 వోల్టుల మీద 1 ఆంపియర్ దాకా లాగుతుంది. యూఎస్‌బీ 2 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీ ఆంపియర్లే, యూఎస్‌బీ 3 అయితే 900. రాస్‌బెర్రీ పై 4 లాంటి వాటిలో నాలుగు పోర్టులకూ కలిపి 1.2 ఆంపియర్లే. డాక్ కూడా అక్కడి నుంచే తాగుతుంటే డ్రైవ్ లేవలేక టిక్కుటిక్కుమని మళ్లీ పడిపోతుంది. అలాగైతే సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ కావాలి.

తంత్రి
డిస్‌కనెక్ట్ ఎక్కడా లేదు. ఫాట్రేస్ నడిపాను. దొంగ దొరికాడు: టీవీ కోసం ఎప్పుడో పెట్టి మరిచిపోయిన మీడియా సర్వర్. ఐదు నిమిషాలకోసారి ఫోల్డర్లన్నీ తిరిగొస్తోంది. తీసేశాను. కాపీ నడుస్తోంది.

బఫర్
పాట దూకేయడం సంగతి నేను చూస్తాను. సీడీ నాణ్యత ఆడియో సెకనుకు 1,411 కిలోబిట్లు, నిమిషానికి పది ఎంబీ. ఫ్లాక్‌లో అది దాదాపు ఆరుకు దిగుతుంది. నలభై నిమిషాల ఆల్బమ్ మొత్తం 250 ఎంబీ లోపే. సెకనుకు వంద ఎంబీ చదివే డ్రైవ్‌కు అది మూడు సెకన్ల పని! అలాంటిది నలభై నిమిషాలూ కాస్త కాస్త చదువుతూ డ్రైవ్‌ను మేల్కొలిపి ఉంచడం ఎందుకు? ఎంపీడీలో ఇన్‌పుట్ క్యాష్ అనే సెట్టింగ్ ఉంది. దానికి 1 జీబీ ఇవ్వండి. రాబోయే పాటను ముందుగానే మెమరీలోకి తెచ్చుకుంటుంది, వరుస మధ్యలో తడబాటు ఉండదు.

మొదటి పాటకు మాత్రం డ్రైవ్ లేవాల్సిందే. ఫోన్‌లో ప్లేయర్ యాప్ తెరవగానే డ్రైవ్‌ను లేపే చిన్న స్క్రిప్ట్ పెట్టుకున్నాను. పాట ఎంచుకునేలోగా అది సిద్ధంగా ఉంటుంది. ఇక్కడ నేను చాలా రోజులు పొరబడ్డాను. ఫోల్డర్ జాబితా అడిగితే డ్రైవ్ లేవదు, జవాబు మెమరీలోంచే వచ్చేస్తుంది. డీడీ ఆదేశానికి డైరెక్ట్ అనే ఫ్లాగ్ ఇచ్చి పళ్లెం మీద నుంచే ఒక ముక్క చదివిస్తేనే లేస్తుంది.

నిశ్శబ్దప్రియ
బఫర్ గారూ, ఆ స్క్రిప్ట్ ఆలోచన నాకెంతో నచ్చింది. నిశ్శబ్దమూ దక్కుతుంది, ఎదురుచూపూ ఉండదు.

తంత్రి గారి 47 డిగ్రీల గురించి ఒక మాట. చాలా డ్రైవ్‌లకు 60 దాకా అనుమతి ఉంది, కానీ యాంప్లిఫయర్ పైన పెట్టి ఉంటే తీసేయండి. స్పీకర్ మీద, సబ్‌వూఫర్ మీద అసలే వద్దు. బ్రెండన్ గ్రెగ్ అనే ఇంజినీరు 2008లో సర్వర్ డిస్కుల ముందు నిలబడి గట్టిగా అరిచి చూపించారు. అరిచిన ప్రతిసారీ డిస్కుల జవాబు ఆలస్యమై గ్రాఫ్ మీద శిఖరంలా లేచింది. మనిషి గొంతుకే అంత కదిలితే సబ్‌వూఫర్ సంగతి చెప్పాలా? నేను మెత్తటి స్పాంజి కాళ్ల మీద, చుట్టూ గాలి ఆడేలా పెట్టాను. స్పాంజిలో చుట్టేస్తే మాత్రం ఉడికిపోతుంది.

కొత్తశ్రోత
మధ్యలో వస్తున్నాను, క్షమించండి. తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ కొంటే ఈ బాధలేవీ ఉండవు కదా?

సర్క్యూట్‌బోర్డు
చప్పుడు, ఎదురుచూపు, ఇరుసు, హెడ్ ఇవేవీ ఉండవు, నిజమే. పాటల లైబ్రరీలో రాయడం తక్కువ, చదవడమే ఎక్కువ కాబట్టి అది అరగదు కూడా. రోజూ వాడే డ్రైవ్‌గా బాగుంటుంది. కానీ నకలు తీసి కరెంటు లేకుండా ఏళ్ల తరబడి అల్మారాలో పెట్టడానికి నేను వాడను. అందులో డేటా విద్యుదావేశంగా నిలిచి ఉంటుంది, నెమ్మదిగా కారిపోతుంది. చిప్‌లకు ప్రమాణాలు రాసే జెడెక్ సంస్థ ప్రమాణం ప్రకారం మామూలు వాడకపు ఎస్‌ఎస్‌డీ, దాని రాత ఆయుష్షు మొత్తం ఖర్చయ్యాక, కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఒక ఏడాది నిలిస్తే చాలు. కొత్తది అంతకంటే ఎక్కువే నిలుస్తుంది. అయినా నా నకళ్లు పళ్లేల మీదే.

తంత్రి
వారం తర్వాత వస్తున్నాను. ముందుగా అందరికీ కృతజ్ఞతలు.

కాపీ పూర్తయింది. 11,240 పాటలనూ ఫ్లాక్‌తో పరీక్షించాను, రాత్రంతా పట్టింది. ఒక్కటి తప్పింది, ఒక వేణువు కచేరీలో మూడో పాట. సీడీ ఇంకా నా దగ్గరే ఉంది. మళ్లీ తీసి, పాడైన ఫైలు ఉన్న చోటనే తిరగరాశాను. 197 సున్నాకు వచ్చింది, 5వ వరుస సున్నాగానే ఉంది. అంటే పళ్లెం పాడవలేదు, రాత సగంలో ఆగిన చోటే అది. పోయిన ఏడాది ఆ ఆల్బమ్ ట్యాగులు సరిచేసి వెంటనే స్విచ్ తీసేసిన గుర్తు.

కంప్యూటర్‌నూ డ్రైవ్‌నూ ఆ పవర్ స్ట్రిప్ నుంచి తప్పించాను. యాంప్లిఫయర్ ఒక్కటే రాత్రి ఆగుతుంది. నిద్ర సమయం పది నిమిషాల నుంచి గంటకు మార్చాను. డ్రైవ్ సెట్టింగులు మార్చే హెచ్‌డీపార్మ్‌లో ఎస్ విలువ 242 ఇస్తే గంట అట, నా డబ్బా దాన్ని పట్టించుకోలేదు. హెచ్‌డీ ఐడిల్ అనే ప్రోగ్రామ్ వాడితే కుదిరింది. హెడ్ మాటిమాటికీ తప్పుకోకుండా హెచ్‌డీపార్మ్‌లోనే బీ విలువ 254 పెట్టాను. దాన్ని విన్నది కానీ, కరెంటు పోయి వస్తే మరిచిపోతోంది. అందుకే కంప్యూటర్ లేచిన ప్రతిసారీ ఆ ఆదేశం మళ్లీ వెళ్లేలా రాశాను. నకలు డ్రైవ్ మా అక్క ఇంటికి వెళ్లింది.

పాతరికార్డు
చివరి వాక్యం చదివి మనసు కుదుటపడింది.

తంత్రి
నెల తర్వాతి అంకెలు, అడిగినవాళ్ల కోసం. 193 ఈ నెలలో పెరిగింది 96 మాత్రమే, ఇదివరకు మూడు వందలు ఒక్క రోజులో పడేది. 192 ఇంకా 412 దగ్గరే. 197 సున్నా. పాట ఒక్కసారి కూడా దూకలేదు.

కొత్తశ్రోత
నాది 3.5 అంగుళాల డ్రైవ్, సొంత అడాప్టర్‌తో వస్తుంది. విండోస్‌లో 20 నిమిషాలకు ఆగుతోంది, లేవడానికి పది సెకన్లు దాటుతోంది. నాకూ ఇవే సెట్టింగులు పనికొస్తాయా?

సర్క్యూట్‌బోర్డు
ఆ 20 నిమిషాలు విండోస్ మామూలుగా పెట్టే సమయమే. పవర్ ఆప్షన్లలో హార్డ్ డిస్క్ ఆపే సమయం దగ్గర మార్చుకోవచ్చు. డబ్బాలో సొంత టైమర్ ఉంటే మాత్రం విండోస్ మాట వినదు. 3.5 అంగుళాలది తిరుగుతూ ఊరికే ఉన్నా 4 నుంచి 6 వాట్లు తింటుంది, వేడీ ఎక్కువే. అందుకని దాన్ని రోజంతా తిప్పమని చెప్పను. పైగా దాని హద్దు 3 లక్షల సైకిళ్లే. పట్టికలో 4, 192, 193, 197 వరుసలు ఇక్కడ పెట్టండి, చూద్దాం.